పీహెచ్‌డీనా, డీబీఏనా? కొన్ని తలకిందుల సలహాలు

రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు నడిచేవాళ్ళలో నలభై దాటినవాళ్ళు కొందరు ఈమధ్య తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరేట్ చేద్దామనుకుంటున్నా. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ మంచిదా, డీబీఏ మంచిదా?" డెలివరీ మేనేజర్ హోదా వచ్చేసింది, ఇంటి ఈఎంఐ చివరికొచ్చింది, పెద్దమ్మాయి ఇంటర్. సలహాలకు లోటు లేదు. త్వరగా అయిపోయేది చూసుకో. పేరున్న గైడ్ దగ్గర చేరు. ఆఫీసులో ఎవరికీ చెప్పకు. ఆఫీసు గొడవ లేని టాపిక్ తీసుకో. ఫారిన్ యూనివర్సిటీ అయితే ఇంకా మంచిది.

ఇవి చెప్పేవాళ్ళంతా మన మేలు కోరేవాళ్ళే. అయినా ఈ మాటలు పట్టుకుని వెళ్ళి సినాప్సిస్ దగ్గరే ఆగిపోయినవాళ్ళను చూశాను. లక్షలు కట్టి తెచ్చుకున్న పట్టాను ఎవరికి చూపించాలో తెలియక ఇబ్బందిపడుతున్నవాళ్ళనూ చూశాను. అందుకే నేనిచ్చే సలహాలు వీటికి సరిగ్గా ఎదురు. వినగానే తప్పుగా తోస్తాయి. కానీ ఒక్కొక్కటీ ఆలోచించి, మనస్ఫూర్తిగా చెబుతున్నవే.

డిగ్రీ పేరు ఆఖరున చూడండి

పీహెచ్‌డీ అంటే పరిశోధన, డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) అంటే వృత్తి అని గీత గీసుకుని కూర్చుంటాం. పేర్లను నమ్మితే మోసపోతాం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో డీబీఏ 1922లో మొదలైంది. దశాబ్దాలపాటు అక్కడ అది ప్రొఫెసర్లను తయారుచేసిన పరిశోధన డిగ్రీ. 2018లో పేరు మార్చి పీహెచ్‌డీ అన్నారు. మన దేశంలోనూ అంతే. ఐఐఎంల చట్టం 2017లో వచ్చేదాకా ఆ సంస్థలు ఫెలో ప్రోగ్రాం పేరుతో నడిపిన చదువే ఇప్పుడు పీహెచ్‌డీ. ఇంగ్లండులో 1992 నుంచి ఇంజినీరింగ్ డాక్టరేట్ ఒకటుంది. అందులో చేరినవాళ్ళు తమ కాలంలో ఎక్కువ భాగం కంపెనీలోనే ఉంటారు, అయినా చేసేది గట్టి పరిశోధనే.

మన గచ్చిబౌలిలోనే చూడండి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో పూర్తికాలం చదివే ఫెలో ప్రోగ్రాం (ఎఫ్‌పీఎం) ఉంది, పనిచేస్తున్న సీనియర్ల కోసం ఎగ్జిక్యూటివ్ ఎఫ్‌పీఎం ఉంది. రెండు దారులూ ఒకే గేటు లోపల ఉన్నాయి. ఆ పక్కనే 1974 నాటి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, కాస్త దూరంలో 1998లో పెట్టిన ట్రిపుల్ ఐటీ. కూకట్‌పల్లి వెళ్తే జేఎన్‌టీయూ, కంది వెళ్తే ఐఐటీ. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం చేసే మనిషికి ఇన్ని తలుపులు ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్ళు దేశంలో ఎక్కువ లేవు. అందుకే ఏ తలుపు తట్టాలో ముందే తేల్చుకోవాలి. అది తేల్చేది మీ పరిశోధన ప్రశ్న.

నానక్‌రామ్‌గూడలో ఒక విదేశీ బ్యాంకు సెంటర్ ఉందనుకుందాం. కార్డు మోసాలు పట్టే బృందానికి మీరు లీడ్. రాత్రి షిఫ్టులో తెరమీద అలర్ట్‌లు వస్తూనే ఉంటాయి. ఒకే కార్డుతో గంట తేడాలో రెండు దేశాల్లో కొనుగోళ్ళు జరిగాయని ఒకటి. ఎప్పుడూ మందులూ కిరాణా తప్ప కొనని పెద్దాయన ఉన్నట్టుండి నాలుగు ఖరీదైన ఫోన్లు కొన్నాడని ఇంకొకటి. ఖాతా తెరిచి, పాత లావాదేవీలు చూసి, మోసమో కాదో తేల్చి కేసు మూసేయాలి. వచ్చేవాటిలో చాలా భాగం ఉత్తుత్తి హెచ్చరికలే. తెల్లవారుజామున మూడు దాటాక మీ బృందంలోని పిల్లలు అసలు మోసాలను కూడా ఉత్తుత్తివనే మూసేస్తున్నారని మీ అనుమానం.

ఈ అనుమానం రెండు రకాల ప్రశ్నగా మారగలదు. మా బృందంలో ఈ పొరపాటును ఎలా తగ్గించాలి అన్నది మొదటిది. షిఫ్టు మధ్యలో విరామం పెట్టి చూస్తారు, అలర్ట్‌లు వచ్చే వరస మార్చి చూస్తారు, అనుమానం ఉన్న కేసును రెండో మనిషితో చూపిస్తారు. మార్పుకు ముందూ తర్వాతా కొలుస్తారు. ఏది పనిచేసింది, ఎందుకు పనిచేసింది, మీలాంటి ఇంకో సెంటర్‌లో పనిచేయాలంటే ఏమేం ఉండాలి అన్నది వివరంగా రాస్తారు. ఇది నిఖార్సయిన వృత్తి డాక్టరేట్ పని.

రెండోది ఇలా ఉంటుంది. ఉత్తుత్తి హెచ్చరికలు వరసగా చూసిన మనిషి నిర్ణయం ఎలా మారుతుంది? ఆ మార్పును ముందే అంచనా కట్టి, ఎప్పుడు ఏ అలర్ట్ చూపించాలో చెప్పే మోడల్ కట్టగలమా? ఈ ప్రశ్న బ్యాంకుతో ఆగదు. ఐసీయూలో మానిటర్ల మోత మధ్య పనిచేసే నర్సుకూ, విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్‌కూ ఇది సంబంధించినదే. దీనికోసం మనస్తత్వశాస్త్రంలో, గణాంకశాస్త్రంలో దశాబ్దాల పాత పేపర్లు చదవాలి. ప్రయోగాలు చేయాలి. అవి విఫలమైతే అదీ రాయాలి. చివరికి మీ బ్యాంకు నష్టం ఒక్క రూపాయి తగ్గకపోవచ్చు కూడా. ఇది పీహెచ్‌డీ పని.

ఒకే రాత్రి షిఫ్టులో పుట్టిన ఈ రెండు ప్రశ్నల్లో ఎక్కువ తక్కువలు లేవు. కానీ మొదటి ప్రశ్న పట్టుకుని పీహెచ్‌డీలో చేరితే, సెమిస్టర్‌కోసారి కూర్చునే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ "ఇందులో కొత్తగా తెలిసిందేమిటి?" అని నిలదీస్తుంది. రెండో ప్రశ్న పట్టుకుని డీబీఏలో చేరితే "మీ సంస్థకు ఒరిగేదేమిటి?" అంటారు. మధ్యలో ఆగిపోయినవాళ్ళలో తెలివి తక్కువవాళ్ళు నాకు కనబడలేదు. ప్రశ్న ఒకటై, చేరిన చోటు ఇంకొకటైనవాళ్ళే ఎక్కువగా కనబడ్డారు.

మీ ప్రశ్న ఏ రకమో తెలియకపోతే దాన్ని ఇద్దరికి చెప్పి చూడండి. ఒకరు మీ పైఅధికారి. ఇంకొకరు మీ కంపెనీ పేరు కూడా వినని, వేరే రంగంలో పనిచేసే చదువుకున్న మనిషి. "తేలాక నాకూ చెప్పండి" అని ఎవరి నోటి నుంచి ముందు వస్తుందో గమనించండి.

టాపిక్ ఆఫీసులోంచే తెచ్చుకోండి, ఆఫీసులో చెప్పేయండి

ఈ రెండూ చేయొద్దన్నది ఐటీ కారిడార్ అంతటా నడిచే సలహా. డాక్టరేట్ చేస్తున్నావని తెలిస్తే అప్రైజల్‌లో దెబ్బ, ప్రమోషన్ ఇంకొకరికి పోతుంది అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. అయినా దాచకండి. ముందు కారణం, దాచడం కుదరదు. యూజీసీ 2022 నవంబరులో ఇచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్‌లో చేరేవాళ్ళు యజమాని నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి. అది ఏదో ఒక లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాయించుకుంటే సరిపోయేది కాదు. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతి ఇచ్చామనీ, ఈయన ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగినంత సమయం మిగులుస్తాయనీ, అవసరమైతే కోర్స్‌వర్క్ పూర్తి చేయడానికి విధుల నుంచి వదులుతామనీ అందులో ఉండాలి. తెలిసిన హెచ్‌ఆర్ మిత్రుడి చేత సంతకం పెట్టించుకుని, పై మేనేజర్‌కు తెలియకుండా నెట్టుకొద్దామనుకునేవాళ్ళు కోర్స్‌వర్క్ సెమిస్టర్‌లోనే దొరికిపోతారు. పన్నెండు క్రెడిట్లకు తక్కువ కాకుండా కోర్స్‌వర్క్ ఉంటుంది. దానికి క్లాసులుంటాయి, పరీక్షలుంటాయి. క్లయింట్ కాల్ ఉందని పరీక్ష వాయిదా వేయరు.

ఇంకో కారణం డేటా. మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి తీసి చదవండి. చేరినరోజు సంతకం పెట్టి ఫైల్లో దాచేసినదే. ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసిన కోడ్, డిజైన్, ఆలోచనల మీద హక్కు కంపెనీదేనన్న పేరా అందులో చాలాచోట్ల ఉంటుంది. పీహెచ్‌డీ థీసిస్ ఆమోదం పొందాక దాని ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళ్తుంది, దాని థీసిస్‌ల భాండాగారం శోధ్‌గంగలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అంటే మీ కంపెనీ లాగ్‌లతో రాసిన అధ్యాయం ప్రపంచానికంతా కనబడుతుంది. నాలుగేళ్ళు కష్టపడ్డాక లీగల్ విభాగం అడ్డుచెబితే, ఆ అధ్యాయాన్ని తీసేసి మళ్ళీ మొదలెట్టడం తప్ప మార్గం లేదు. అందుకని రిజిస్ట్రేషన్‌కు ముందే నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి. ఏ డేటా వాడుకోవచ్చు, పేర్లు తీసేసి వాడితే సరిపోతుందా, పేపర్ పంపేముందు ఎవరు చూడాలి, ఎన్నాళ్ళలో చూస్తారు. ఇవ్వం అంటే అదీ మంచి జవాబే. ఉచితంగా దొరికే డేటా మీద నడిచే ప్రశ్నగా ముందే మార్చుకుంటారు, లేదా థీసిస్ గోప్యంగా ఉంచడానికి ఒప్పుకునే వృత్తి డాక్టరేట్ చూసుకుంటారు.

ఇన్ని చిక్కులుంటే టాపిక్ బయటినుంచే తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకోవచ్చు. కానీ పగలంతా పేమెంట్ సిస్టమ్స్ చూసి, రాత్రి పదింటికి వ్యవసాయ డ్రోన్ల గురించి కొత్తగా మొదలెట్టాలంటే రెండు బుర్రలు కావాలి. ఇరవై ఏళ్ళుగా మీరు చేతులతో చేసిన పనిలో మీకు తెలిసినంత ఇరవై ఆరేళ్ళ ఫుల్‌టైమ్ స్కాలర్‌కు తెలియదు. మీ బలం ఒక్కటే, అది అక్కడుంది. దాన్ని వదులుకోకండి.

చేరకముందే పని మొదలుపెట్టండి

అడ్మిషన్ వచ్చాక చూద్దాం, గైడ్ చెప్పాక చదువుదాం అనుకోవడం మనకు అలవాటు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ దీనికి ఎదురు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి ఎంబీబీఎస్ రాక ఎల్‌ఎంఎస్‌తో బయటికొచ్చారు, అంటే ముందున్నది వైద్యవృత్తి చదువు. తర్వాత హార్వర్డ్ వెళ్ళి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి వాళ్ళిద్దరి పేర్లతోనే జీవరసాయన ప్రయోగశాలల్లో నిలిచిపోయింది. పీహెచ్‌డీ వచ్చింది 1930లో. పేరు తెచ్చిన పని ముందు, పట్టా తర్వాత. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. ఫోలిక్ యాసిడ్, ఫైలేరియాకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనక పని ఆ కంపెనీలోనే, ఆయన నడిపిన బృందాల్లోనే జరిగింది. పరిశోధన అంటే యూనివర్సిటీ, కంపెనీ అంటే వృత్తి అని గిరిగీసేవాళ్ళు ఆయన జీవితాన్ని ఒకసారి చదవాలి.

ఇంకో పేరు డబ్బల రాజగోపాల్ రెడ్డి గారిది, మనమంతా రాజ్ రెడ్డి అనే ఆయన. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు నుంచి గిండీ ఇంజినీరింగ్ కాలేజీకి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాకు వెళ్ళి, ఐబీఎంలో ఉద్యోగం చేశారు. ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్ వెళ్ళి 1966లో పీహెచ్‌డీ అందుకున్నారు. విషయం, కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేయడం. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి ఏళ్ళ తరబడి ఆయనే అధ్యక్షులుగా ఉన్నారు. ఉద్యోగం చేసినవాడు పరిశోధనకు పనికిరాడన్న మాట ఎవరైనా అంటే ఈ ఒక్క పేరు చెప్పండి చాలు.

మీరు చేయగలిగింది చిన్నదే కావచ్చు. మీ ప్రశ్న మీద ఇప్పటిదాకా వచ్చిన పది మంచి పేపర్లు చదివి, ఒక్కోదానికి అరపేజీ రాయండి. చిన్న ప్రయోగం ఒకటి చేసి ఒక వర్క్‌షాప్‌కు పంపండి. ఈ పని చేస్తుంటే హుషారు పెరిగినవాళ్ళు పీహెచ్‌డీ వైపు వెళ్ళండి. పేపర్లు విసుగనిపించి, ప్రయోగం మాత్రం ఆఫీసులో అమలు చేయాలనిపిస్తే మీది వృత్తి దారి. రెండూ విసుగనిపిస్తే ఫీజు మిగిలింది.

గైడ్ దగ్గర మానేసినవాళ్ళను వెతకండి

గైడ్ పేరు, హెచ్-ఇండెక్స్, వెబ్‌సైట్‌లో ఫొటోలు అందరూ చూస్తారు. ఆయన దగ్గర పూర్తిచేసినవాళ్ళు ఎలాగూ మంచే చెబుతారు, ఎందుకంటే వాళ్ళకు అయిపోయింది. మధ్యలో వదిలేసిన ఉద్యోగస్తులను ఒకరిద్దరిని పట్టుకుని టీ తాగించండి. డ్రాఫ్ట్ పంపితే ఎన్నాళ్ళకు చూసేవారు, శనివారం కలిసేవారా, పార్ట్‌టైమ్ వాళ్ళను ల్యాబ్‌లో మనుషులుగా లెక్కపెట్టేవారా అని అడగండి.

యూజీసీ లెక్కలో ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. ఈ రెండూ మొదటి భేటీలోనే మర్యాదగా అడగవచ్చు, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పేరు లేకపోయినా తీరిక ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్, తీరిక లేని పెద్ద ప్రొఫెసర్ కంటే ఉద్యోగస్తుడికి మేలు.

నిదానంగా అయ్యేదే ఎంచుకోండి

కోర్స్‌వర్క్‌తో కలిపి పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు ఇవ్వవచ్చు, మహిళలకు ఆపైన మరో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. ఉద్యోగం చేస్తూ మూడేళ్ళలో ముగించడం చాలా అరుదు. ఖాయంగా ముగిస్తామని ముందే హామీ ఇచ్చే చోటుకు వెళ్ళకండి. పీహెచ్‌డీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని నిబంధనల్లోనే ఉంది. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులో హెచ్చరించాయి. ఇప్పుడు అదే తరహాలో ఆన్‌లైన్ డీబీఏల ప్రకటనలు లింక్డిన్ నిండా వస్తున్నాయి. కట్టే ముందు ఒక్కటే అడగండి: ఈ పట్టాతో నేను ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే చెల్లుతుందా? జవాబు ఈమెయిల్‌లో ఇమ్మనండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

కొందరు రెండూ చేయకండి

రిటైరయ్యాక పాఠాలు చెప్పాలన్న కోరికతో డాక్టరేట్‌కు వచ్చేవాళ్ళు చాలామంది. ఎంత మంచి కోరిక! దానికి డాక్టరేట్ తప్పనిసరి కాదు. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే హోదా తెచ్చింది. తమ రంగంలో కనీసం 15 ఏళ్ళ అనుభవం, అందులో పేరు ఉంటే చాలు, పీహెచ్‌డీ అడగరు. వీళ్ళ సంఖ్య మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదు. మామూలుగా మూడేళ్ళు, పొడిగిస్తే నాలుగు. డేటాసెంటర్లు కట్టినవాళ్ళు, వేలమంది వాడే సాఫ్ట్‌వేర్ నడిపినవాళ్ళు మన జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠం చెబితే ఆ పిల్లల అదృష్టం. ఆరేళ్ళు థీసిస్‌లో గడిపి ఆ తర్వాత వెళ్ళేకంటే ఇప్పుడే వెళ్ళండి.

ఫార్మ్‌డీ పిల్లలకు వేరుగా ఒక మాట. ఇంటర్ తర్వాత ఆరేళ్ళు చదివే ఈ డాక్టరేట్‌ను ఫార్మసీ కౌన్సిల్ 2008లో మొదలుపెట్టింది. హైటెక్ సిటీలో మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే ఫార్మకోవిజిలెన్స్ బృందాల్లో వీళ్ళు చాలామంది ఉన్నారు. వృత్తి డాక్టరేట్ మీ చేతిలో ఇప్పటికే ఉంది. దాన్ని చిన్నచూపు చూసుకుని, ఆ లోటు తీర్చుకోవడానికి పీహెచ్‌డీ చేయకండి. రోజూ చూసే కేసుల్లోంచి మిమ్మల్ని వదలని ప్రశ్న పుడితే మాత్రం తప్పకుండా చేయండి.

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇంకా గట్టిగా చెప్పాలి. హెచ్-వన్‌బీ లాటరీ తగలనప్పుడు "డే వన్ సీపీటీ ఉన్న చోట డీబీఏలో చేరిపో, మొదటిరోజు నుంచే పని చేసుకోవచ్చు" అన్న సలహా మనవాళ్ళ మధ్య బాగా నడుస్తోంది. సీపీటీ అంటే చదువులో భాగంగా చేసే పని. ఏడాదిపాటు ఫుల్‌టైమ్ సీపీటీ వాడేస్తే ఆ స్థాయిలో ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, పోతుంది. తర్వాత వీసా మార్పుకు పెట్టినప్పుడు ఆ చదువు నిజంగా చదివారా, ఆ ఉద్యోగం చదువులో భాగమేనా అని ఆధారాలు అడగవచ్చు. క్లాసుకు వెళ్ళని డాక్టరేట్‌కు ఆధారాలు ఎక్కడినుంచి తెస్తారు? ముందు మంచి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ఇంటికి తిరిగి రావడం కూడా ఒక దారేనని అమ్మానాన్నలు పిల్లలకు ఫోన్లో చెప్పండి.

ఇక మీ వంతు. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని మీ ప్రశ్నను ఒక్క పేజీలో, మామూలు తెలుగులో రాయండి. పక్కన మీ భర్తనో భార్యనో కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి, రాబోయే ఐదారేళ్ళ శనివారాలు పోయేది వాళ్ళకూ కనుక. వాళ్ళకు అర్థమై, సరేనంటే దరఖాస్తు పెట్టండి. ఆ పేజీ పూర్తికాకపోతే, పూర్తయ్యేదాకా ఎవరికీ ఫీజు కట్టకండి.